పాత కారు ముందు చక్రాలు: ఏది మార్చాలి, ఏది వదిలేయాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

  

"నీ వృత్తిలోంచి ఏదైనా ఒక్క విషయం చెప్పు, అందరికీ అర్థమయ్యేలా చెప్పు, త్వరగా ముగించు" అని నిర్వాహకులు మూడు షరతులు పెట్టారు. మొదటి రెండూ పాటిస్తాను. మూడోదానికి మాత్రం హామీ ఇవ్వలేను. ముప్పై ఏళ్లుగా నా ఉద్యోగం కార్ల అడుగు భాగంతోనే. మీరు సీట్లో కూర్చున్నాక ఎప్పుడూ కనిపించనిది, గుంటలో పడినప్పుడు మాత్రమే గుర్తొచ్చేది, అదే సస్పెన్షన్. ఈ రోజు ఒక పాత కారు ముందు సస్పెన్షన్ గురించి చెబుతాను. అందులో మన ఫిజిక్స్ ల్యాబు ఉంది, కొంచెం చట్టం ఉంది, ఒక పెళ్లి కూడా ఉంది.

మా బ్యాచ్ మిత్రుడి తండ్రి గారు డాక్టరు. గోదావరి డెల్టా పల్లెల్లో రోగుల్ని చూడటానికి ఆయన 1950ల నాటి మోరిస్ మైనర్ వాడేవారు. ఆయన పోయాక ఆ కారు చాలా ఏళ్లు షెడ్డులో ఉండిపోయింది. మిత్రుడు దాన్ని బయటికి తీసి, ఇంజను బాగు చేయించి, రంగు వేయించి, నా దగ్గరికి తెచ్చాడు. "ఒరేయ్, ముందు భాగం పడవలా ఊగుతోంది. కొత్త కారు సస్పెన్షన్ ఏదైనా కోసి దీనికి అతికించెయ్. కాస్త కిందికి దించు, వెడల్పు టైర్లు వెయ్. హైవే మీద తొంభైలో వెళ్లాలి" అన్నాడు.

అతని కోరికలో తప్పేం లేదు. పాత బండి ఉన్న ప్రతివాడూ అడిగేది ఇదే. అయితే ఒకదాన్ని మార్చే ముందు, అది అలా ఎందుకు ఉందో తెలుసుకోవాలి కదా.

మోరిస్ మైనర్ 1948లో లండన్ మోటార్ షోలో మొదటిసారి కనిపించింది. రూపకర్త అలెక్ ఇస్సిగోనిస్. తర్వాత 1959లో వచ్చిన మినీ కారు కూడా ఆయనదే. మైనర్ నమూనా కారు తయారయ్యాక, మరీ సన్నగా ఉందనిపించి, దాన్ని నిలువునా రెండుగా కోయించి, మధ్యలో నాలుగు అంగుళాలు పెంచి చూశారు. అలాగే ఖాయం చేశారు. బానెట్ మధ్యలో కనిపించే పట్టీ ఆ నాలుగు అంగుళాల గుర్తే. బ్రిటన్‌లో పది లక్షలు దాటిన తొలి కారు ఇదే. మన దేశంలో హిందుస్తాన్ మోటార్స్ వారు దీన్నే 'బేబీ హిందుస్తాన్' పేరుతో కొంతకాలం అమ్మారు. దీని పెద్దన్న మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దాని మూడో సిరీస్ నుంచే మన అంబాసిడర్ పుట్టింది. 2014లో తయారీ ఆగిపోయిన ఆ అంబాసిడర్ ముందు భాగంలో కూడా ఇదే జాతి స్ప్రింగు ఉండేది. అందుకే ఆటోనగర్‌లో పాత మేస్త్రీలకు ఈ వ్యవహారం కొత్త కాదు.

ఆ స్ప్రింగు పేరు టార్షన్ బార్. స్ప్రింగు అనగానే మనకు చుట్టలు చుట్టిన తీగ గాని, లారీ కింద కమాన్ కట్టలు గాని గుర్తొస్తాయి. ఇది మాత్రం తిన్నని ఉక్కు కడ్డీ. కారు పొడవునా అడుగున ఉంటుంది. వెనక కొన ఛాసిస్‌కు కదలకుండా బిగించి ఉంటుంది. ముందు కొన చక్రాన్ని మోసే కింది ఆర్మ్‌కు కలిసి ఉంటుంది. చక్రం పైకి లేస్తే ఆర్మ్ తిరుగుతుంది, కడ్డీ మెలిపడుతుంది. తడిగుడ్డ పిండినట్టు మెలిపడి, మళ్లీ తన స్థితికి వచ్చేస్తుంది. అంతే. చోటు తక్కువ తీసుకుంటుంది, బరువు తక్కువ, విరిగే ముక్కలు తక్కువ.

మిత్రుడి మొదటి ఆలోచన, ఈ కడ్డీ తీసి లావుది వేయించడం. ఇక్కడ తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఉన్నారు కాబట్టి ఒక లెక్క. మెలితిప్పడానికి కడ్డీ చూపే గట్టితనం దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. వ్యాసం పది శాతం పెంచితే 1.1ని నాలుగుసార్లు గుణించండి. 1.46 వస్తుంది. అంటే చూపుకు తెలియనంత లావు పెంచితే స్ప్రింగు నలభై ఆరు శాతం బిగుసుకుపోతుంది. "కొంచెం లావుది" అన్న మాట టార్షన్ బార్ విషయంలో చాలా పెద్ద మాట. ఇంకో సంగతి. ఈ కడ్డీలకు కుడి, ఎడమ తేడా ఉంది. ఫ్యాక్టరీలో ఒక్కోదాన్ని అది పనిచేసే వైపుకే ముందుగా మెలితిప్పి సిద్ధం చేస్తారు. విప్పినప్పుడు గుర్తు పెట్టుకోకుండా అటుది ఇటు వేస్తే, అది వ్యతిరేక దిశలో శ్రమపడి త్వరగా అలసిపోతుంది.

ఇప్పుడు ఊగడం సంగతి. మన ల్యాబులో సాధారణ లోలకం ప్రయోగం మీ అందరూ చేసే ఉంటారు. దారానికి గుండు కట్టి, ఇరవై ఊపులకు ఎంత సమయం పట్టిందో లెక్కపెట్టడం. గుండు బరువు కాదు, దారం పొడవే సమయాన్ని నిర్ణయిస్తుందని రాసుకున్నాం. కారు స్ప్రింగుకు కూడా అదే సూత్రం పనిచేస్తుంది. కారు తన సొంత బరువుకు స్ప్రింగు మీద ఎంత దిగిందో, అంత పొడవున్న లోలకం ఎంత వేగంగా ఊగుతుందో, కారు కూడా అంతే వేగంగా ఊగుతుంది. స్ప్రింగు పాతిక సెంటీమీటర్లు దిగితే సెకనుకు ఒక ఊపు. పది సెంటీమీటర్లు దిగితే సెకనుకు సుమారు ఒకటిన్నర ఊపులు.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఉదాహరణకు ఒక ముందు చక్రం పైభాగంలో యాభై కిలోల ఇసుక బస్తా పెడితే కారు రెండున్నర సెంటీమీటర్లు దిగిందనుకుందాం. ఆ మూల మోసే బరువు రెండు వందల కిలోలయితే, మొత్తం దిగుబాటు పది సెంటీమీటర్లు. ఇక లోలకం సూత్రం వేస్తే సమాధానం వచ్చేస్తుంది. టేపు, ఇసుక బస్తా, పదో తరగతి పుస్తకం చాలు. మా మిత్రుడి కారుకు ఇలాగే కొలిచి చూశాం. స్ప్రింగులో దోషమేమీ కనిపించలేదు. అన్నేళ్ల తర్వాత కూడా ఆ ఉక్కు తన పని తాను చేస్తూనే ఉంది.

మరి పడవలా ఎందుకు ఊగుతోంది? ఊపును పుట్టించేది స్ప్రింగు, ఊపును ఆపేది షాకబ్జార్. ఈ కారులో షాకబ్జార్ ఇప్పటి గొట్టంలా ఉండదు. నూనె నిండిన చిన్న ఇనుప పెట్టె, దానికి ఒక చెయ్యి ఉంటాయి. చెయ్యి ఊగితే లోపల పిస్టన్లు నూనెను సన్నటి దారుల గుండా తోస్తాయి. ఆ నూనె పడే ప్రయాసే ఊపును మింగేస్తుంది. పెట్టె చిన్నది, నూనె తక్కువ. సీళ్లు అరిగి నూనె కారిపోతే ఇక అక్కడ మిగిలేది ఇనుప చెయ్యి మాత్రమే. కారు ముక్కు నొక్కి వదిలితే మూడు నాలుగుసార్లు తలూపింది. రోగం అక్కడుంది.

ఇక్కడ చాలామంది ప్రమాదంలో పడే చోటు ఒకటుంది. ఆ పాత షాకబ్జార్ చెయ్యి ఊపును ఆపడమే కాదు, చక్రం పైభాగాన్ని పట్టుకునే పై ఆర్మ్ కూడా అదే. "ఇది పాడైంది, తీసి పారేసి గొట్టం షాకబ్జార్ వేద్దాం" అని తీసేస్తే, చక్రం పైభాగానికి ఆధారమే ఉండదు. కొత్తది వేసినా పాతది అక్కడే ఉండాలి, చెయ్యి ఆట లేకుండా బిగువుగా ఉండాలి. ఒకే భాగం రెండు పనులు చేస్తున్నప్పుడు, దాన్ని తీసేముందు రెండో పని ఎవరు చేస్తారో చూసుకోవాలి. ఇది కార్లకే కాదు, ఆఫీసులకూ వర్తిస్తుందని నా అనుభవం.

ఇంతవరకు హాయిగానే సాగింది. విజయవాడ ఆటోనగర్‌లో ఓ పెద్ద మేస్త్రీ దగ్గర కారును స్టాండు మీద పెట్టి చక్రాలు విప్పించాం. ఆయన కింది ఆర్మ్ కింద చెక్క దిమ్మ పెట్టి బరువు దానిమీదికి దించాడు. టైరు కింద గునపం పెట్టి పైకి ఎత్తాడు. టక్కుమని శబ్దం. చక్రం ఎత్తు మారింది. ఆయన నా వైపు తిరిగి, "సార్, ఈ బండి నడిచి రాలేదు, దేవుడు మోసుకొచ్చాడు" అన్నాడు.

ఆ శబ్దం ఎక్కడిదో చెబుతాను. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరగాలి కదా. ఈ కారులో ఒక నిలువు పిన్ను ఉంటుంది. దాని రెండు చివర్లలో మరలు ఉంటాయి. ఆ మరలు పైనా కిందా ట్రనియన్లు అనే ముక్కల్లోకి ఎక్కి ఉంటాయి. స్టీరింగు తిప్పినప్పుడల్లా పిన్ను ఆ మరల్లో కొంచెం ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఒక వైపు కుడి మర, మరో వైపు ఎడమ మర. గ్రీజు బాగా అందితే చాలా కాలం మన్నే ఏర్పాటు.

ఇప్పుడు బరువు ఏ దారిన ప్రయాణిస్తుందో చూడండి. టార్షన్ బార్ కింది ఆర్మ్‌ను కిందికి తోస్తుంది. ఆర్మ్ కింది ట్రనియన్‌ను కిందికి లాగుతుంది. పిన్నును మాత్రం చక్రం పైకి పట్టి ఉంచుతుంది. అంటే కారు ఆ మూల బరువంతా, పిన్ను మీద నుంచి ట్రనియన్‌ను ఊడబెరకాలని చూస్తూ ఉంటుంది. ఆ పని జరగకుండా ఆపేది కింది మరలు మాత్రమే. గ్రీజు లేక మరలు అరిగిపోతే, ఒక రోజు పిన్ను జారి బయటికి వచ్చేస్తుంది. చక్రం పక్కకు వాలిపోతుంది, కారు ముక్కు నేలకు తాకుతుంది. ఎక్కువగా ఇది ఇంటి ముందు మెల్లగా స్టీరింగు పూర్తిగా తిప్పుతున్నప్పుడు జరుగుతుంది. హైవే మీద జరగదని ఎవరూ రాసివ్వలేదు.

పిన్ను విప్పి చూశాం. ఎడమవైపు మరల అంచులు చాకులా పదునెక్కి ఉన్నాయి. లోపల గ్రీజు లేదు, ఎండిన బంకమట్టిలాంటిది ఏదో ఉంది. మా మిత్రుడి కూతురి పెళ్లి ఎనిమిది రోజుల్లో ఉంది. పెళ్లికూతుర్ని తాతగారి కారులో విజయవాడ నుంచి ఏలూరు కల్యాణ మండపానికి తీసుకెళ్లాలని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఆహ్వాన పత్రిక మీద కారు బొమ్మ కూడా వేయించారు. కొత్త ట్రనియన్లు ఇంగ్లండు నుంచి రావాలి. ఎనిమిది రోజుల్లో రావు.

మిత్రుడు బతిమాలాడు. "ఒరేయ్, అరవై ఏళ్లు నడిచిన బండి, ఇంకో అరవై కిలోమీటర్లు నడవదా? గ్రీజు కొట్టి బిగించెయ్, నెమ్మదిగా వెళ్తాం" అన్నాడు. "నడుస్తుందేమో రా. ఆ 'ఏమో'లో నీ కూతురు కూర్చుంటుంది" అన్నాను. గ్రీజు అరుగుదలను ఆపుతుంది గాని, అరిగిన లోహాన్ని తిరిగి పెంచదు. పిన్నులు నా బ్యాగులో వేసుకుని హైదరాబాదు వచ్చేశాను. అవి అక్కడుంటే ఎవరో ఒకరు బిగించేస్తారని నా భయం. పెళ్లికూతురు వేరే కారులో వెళ్లింది. పెళ్లిలో మా వాడు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. వాళ్లావిడ, మా చెల్లెమ్మ, విస్తరి ముందు నిలబడి "అన్నయ్యగారూ, ఇంకో గారె వేసుకోండి" అన్నప్పుడు మాత్రం మనసు తేలికపడింది.

పెళ్లయ్యాక తీరిగ్గా కూర్చుని, ఏది మార్చాలి, ఏది వదిలేయాలి అని మళ్లీ మొదటి నుంచి ఆలోచించాం. ప్రతి మార్పుకూ మూడు ప్రశ్నలు వేశాం.

మొదటిది: బరువు దారి మారుతుందా? వేరే కారు ముందు భాగం అతికించాలంటే ఛాసిస్ కొయ్యాలి, వెల్డింగు చెయ్యాలి. మైనర్‌లో చక్రం దెబ్బలు కొన్ని టార్షన్ బార్ వెనక కొన ద్వారా సీటు కింది అడ్డదూలానికి చేరతాయి. కొత్త ఏర్పాటులో అవన్నీ ముందు రేకుల మీద పడతాయి. ఆ రేకులు ఆ దెబ్బల కోసం చేసినవి కావు. ఆ ఆలోచన అక్కడే కొట్టేశాం. వెడల్పు టైర్లు, చక్రాల వెనక వేసే స్పేసర్లు కూడా ఇంతే. చక్రం బయటికి జరిగిన కొద్దీ పిన్ను మీద, మరల మీద, స్టీరింగు మీద వంచే బలం పెరుగుతుంది. కారు కిందికి దించితే కింది ఆర్మ్ కోణం మారుతుంది. స్టీరింగు కడ్డీ, ఆర్మ్ పొందిక చెడి, గుంటలో పడినప్పుడల్లా చక్రం తనంతట తానే కాస్త తిరుగుతుంది. పైగా మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకు ఉన్న ఎత్తే చాలదు. ఇవన్నీ వద్దనుకున్నాం.

రెండోది: రేపు వెనక్కి తీసుకోగలమా? ఇందులో చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో మార్పు చేయని వాహనాలకే ఆ గుర్తింపు. వాటికి 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటి వాటికే. ఛాసిస్ కోసేస్తే ఆ తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది. అందుకే ఒక్క కొత్త రంధ్రం కూడా వేయకూడదని నియమం పెట్టుకున్నాం.

మూడోది: దీని ఆలనాపాలనా ఎవరు చూస్తారు? నేను హైదరాబాదులో ఉంటాను. ఆ ఊళ్లో మేస్త్రీకి అర్థం కాని ఏర్పాటు ఎంత గొప్పదైనా, రెండేళ్లకు గతి తప్పుతుంది.

చివరికి చేసింది ఇది. ట్రనియన్లు, పిన్నులు, రబ్బరు బుష్షులు అన్నీ రెండు వైపులా కొత్తవి. టార్షన్ బార్లు పాతవే, ఏ వైపువి ఆ వైపునే. పాత షాకబ్జార్లకు సీళ్లు మార్పించి పై ఆర్మ్‌గా ఉంచాం. తోడుగా గొట్టం షాకబ్జార్లు అమర్చాం. వాటి బ్రాకెట్లు అప్పటికే ఉన్న బోల్టులకే బిగుస్తాయి. గంటలో విప్పి పెట్టెలో పెట్టేయొచ్చు.

షాకబ్జార్ ఎంచుకోవడంలో కూడా ఒక లెక్క ఉంది. అది చక్రం దగ్గర కాకుండా ఆర్మ్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. చక్రం పది సెంటీమీటర్లు కదిలితే అది ఆరే కదులుతుందనుకోండి. చక్రం దగ్గర దాని ప్రభావం అరవై శాతం కాదు. అరవైలో అరవై, అంటే ముప్పై ఆరు శాతమే. కదలిక తగ్గింది, బలం కూడా అదే నిష్పత్తిలో తగ్గింది. రెండుసార్లు కోత. చేత్తో నొక్కి "గట్టిగానే ఉంది" అని కొంటే కారులో మెత్తగా తేలేది అందుకే. ఇంకో జాగ్రత్త. స్ప్రింగు బలం తీసేసి, చక్రాన్ని అట్టడుగు నుంచి పైదాకా చేత్తో కదిలించి చూశాం. రెండు కొసల్లోనూ షాకబ్జార్‌కు ఇంకా కొంత దారి మిగలాలి. లేకపోతే అది షాకబ్జార్‌లా కాకుండా సుత్తిలా పనిచేస్తుంది. ఆ తర్వాత టో-ఇన్ సరిచేయించి రోడ్డెక్కించాం.

ఇప్పుడు ముక్కు నొక్కి వదిలితే ఒకసారి లేచి నిలబడుతుంది. మా వాడు సంతోషించి, "ఇక తొంభై" అన్నాడు. అక్కడ మళ్లీ అడ్డుపడ్డాను. అరవైలో ఉన్న కారుతో పోలిస్తే తొంభైలో ఉన్న కారును ఆపడానికి బ్రేకులు రెండుంపావు రెట్లు శక్తిని మింగాలి. బ్రేకులు మాత్రం 1950ల నాటి ఏడు అంగుళాల డ్రమ్ములే. ముందు భాగం ఊగుతున్నప్పుడు భయపడి మెల్లగా వెళ్లేవాడు, ఊగడం ఆగగానే ధైర్యంగా తొక్కుతాడు. కాబట్టి కారు అరవైలోనే వెళ్తుంది. ఇది వాళ్లింట్లో రాసుకున్న నియమం.

ఆ నియమం రాసింది పెళ్లికూతురే. తాతగారి కారు ఇప్పుడు ఆ అమ్మాయి చూసుకుంటోంది. వెయ్యి కిలోమీటర్లకోసారి ముందు భాగం జాకీ మీద ఎత్తి, కింది ఆర్మ్ కింద దిమ్మ పెట్టి, నాలుగు నిపుళ్లకూ గ్రీజు కొట్టి, తారీఖు నోటుబుక్కులో రాస్తుంది. బరువు తీసి కొడితేనే గ్రీజు అరిగే వైపుకు చేరుతుందని నేను ఒక్కసారే చెప్పాను. ఎందుకని అడిగి, బొమ్మ గీయించుకుని మరీ తెలుసుకుంది.

గురువులకు ఒక మనవి. లోలకం ప్రయోగం చేయించేటప్పుడు పిల్లల్ని ఒక్కసారి బయటికి తీసుకెళ్లి, ఏదో ఒక కారు ముక్కు నొక్కించి, ఊపులు లెక్కపెట్టించండి. రికార్డు పుస్తకంలో రాసుకున్న సూత్రం రోడ్డు మీద తిరుగుతోందని వాళ్లకు తెలియాలి. పూర్వ విద్యార్థులకు ఇంకో మనవి. మీ ఇళ్లలో పెద్దలు వదిలి వెళ్లిన స్కూటరో, జీపో, అంబాసిడరో ఉంటే, రంగు వేయించే ముందు చక్రాలు విప్పించండి. మెరిసేదానికన్నా మోసేదానికి ముందు ఖర్చు పెట్టండి.

మా మిత్రుడు ఆ మైనర్‌ను ఈ రోజు ఇక్కడికి తెచ్చాడు. భోజనాలయ్యాక ల్యాబు వెనక జాకీ మీద ఎత్తిస్తాం. పిల్లలు వచ్చి గునపంతో చక్రం ఎత్తి చూడొచ్చు. శబ్దం రాదు. వస్తే వెంటనే నాకు చెప్పండి.

సెలవు.